సుప్రీమ్స్ అని పేరు పెట్టిన అమ్మాయి

1961 జనవరిలో, అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, పదిహేడేళ్ళ అమ్మాయి చేతికి ఒక పేర్ల జాబితా ఇచ్చారు. ఆమె, ఆమె స్నేహితురాళ్ళు కలిసి పాడే బృందానికి అప్పటికి ఉన్న పేరు రికార్డింగ్ కంపెనీ యజమానికి నచ్చలేదు. వేరే పేరు పెట్టుకుంటేగాని ఒప్పందం కుదరదన్నాడు. మిగతా అమ్మాయిలు ఆ సమయానికి అక్కడ లేరు. ఆమె ఒక్కతే జాబితా అంతా చూసి 'సుప్రీమ్స్' అనే పేరు ఎంచుకుంది. తర్వాత సంగతి తెలిసిన స్నేహితురాళ్ళు పెదవి విరిచారు. మగపిల్లల బృందం పేరులా ఉందని వాళ్ళలో ఒకమ్మాయికి అనిపించింది. అయినా అదే ఖాయమైంది.

మూడున్నరేళ్ళు తిరిగేసరికి ఆ పేరు అమెరికాలో ప్రతి ఇంటి రేడియోలోనూ వినిపించింది. ఏడేళ్ళు తిరిగేసరికి, ఆ పేరు పెట్టిన మనిషే తాను సుప్రీమ్స్‌లో పాడానని ప్రచారం చేసుకోకూడదన్న షరతు కింద సంతకం చేయాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఫ్లోరెన్స్ బల్లార్డ్. ముప్పై రెండేళ్ళకే ఆమె చనిపోయింది.

సుప్రీమ్స్ అనగానే ఎవరికైనా ముందు డయానా రాస్ గుర్తుకొస్తుంది. డయానా గురించి చదవడానికి పుస్తకాలకు కొదవలేదు. అందుకే ఈసారి మన పత్రిక కోసం, పాటల్లో ఆమె వెనక నిలబడిన గొంతు గురించి రాద్దామనుకున్నాం.

ఫ్లోరెన్స్ 1943 జూన్ 30న డెట్రాయిట్‌లో పుట్టింది. పదమూడు మంది పిల్లలున్న ఇల్లు. తల్లిదండ్రులు జెస్సీ, లర్లీ 1929లో దక్షిణాది నుంచి పని వెతుక్కుంటూ ఉత్తరాదికి వచ్చారు. వాళ్ళొక్కరే కాదు. పత్తి చేలల్లో కూలీలుగా, తెల్లవారి జులుం కింద బతుకుతున్న నల్లజాతి కుటుంబాలు ఆ కాలంలో లక్షల సంఖ్యలో ఉత్తరాది ఫ్యాక్టరీ నగరాలకు తరలిపోయాయి. కార్ల కంపెనీలున్న డెట్రాయిట్ అందులో ముఖ్యమైన మజిలీ. జెస్సీకి జనరల్ మోటార్స్‌లో పని దొరికింది. పని నుంచి ఇంటికొచ్చాక ఆయన గిటార్ పట్టుకునేవాడు. కూతురికి పాటలు నేర్పేవాడు. ఫ్లోరెన్స్‌కు మొదటి గురువు ఆయనే. 1959లో ఆయన క్యాన్సర్‌తో పోయాడు. ఆమెకు అప్పటికి పదహారు నిండీ నిండని వయసు.

డబ్బుకు ఇబ్బంది పడుతూ ఆ కుటుంబం డెట్రాయిట్‌లో ఒక పేట నుంచి ఇంకో పేటకు మారుతూ వచ్చి, చివరికి బ్రూస్టర్–డగ్లస్ గృహ సముదాయంలో కుదురుకుంది. నల్లజాతివారి కోసం అక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బుతో కట్టించిన తొలి ఇళ్ళలో అవి కూడా ఉన్నాయి. మనలో చాలామందిమి అమ్మానాన్నల బదిలీలతో పాటు క్వార్టర్ల నుంచి క్వార్టర్లకు మారుతూ పెరిగినవాళ్ళమే కాబట్టి ఆ వాతావరణం కొంచెం ఊహించుకోగలం. ఒకే రకం ఇళ్ళు, అందరికీ కలిపి ఒకే ఆట స్థలం, పక్కింట్లో ఎవరు పాడినా వినబడేంత పలచని గోడలు. మేరీ విల్సన్, డయానా రాస్ కూడా అక్కడే పెరిగారు. స్కూల్లో జరిగిన ఒక పాటల పోటీలో ఫ్లోరెన్స్‌కు మేరీ పరిచయమైంది. ఒకరి గొంతు ఒకరికి నచ్చింది. ఎప్పటికైనా బృందం కట్టే అవకాశమొస్తే ఒకరినొకరు పిలుచుకోవాలని అనుకున్నారు.

ఆ అవకాశం ముందు ఫ్లోరెన్స్‌కే వచ్చింది. 1959లో 'ప్రైమ్స్' అనే కుర్రాళ్ళ బృందానికి మేనేజరుగా ఉన్న మిల్టన్ జెంకిన్స్, దానికి జోడీగా ఆడపిల్లల బృందం ఒకటి ఉంటే బాగుంటుందని అనుకుని ఫ్లోరెన్స్‌ను తీసుకున్నాడు. ఆమె మాట తప్పలేదు, మేరీని పిలిచింది. తర్వాత డయానా, బెట్టీ మెక్‌గ్లౌన్ చేరారు. ప్రైమ్స్‌కు చెల్లెళ్ళలా వీళ్ళు 'ప్రైమెట్స్' అయ్యారు. పెళ్ళిళ్ళలో, క్లబ్బుల్లో, స్కూలు డాన్సుల్లో పాడారు. 1960లో నది దాటి కెనడాలోని విండ్సర్‌కు వెళ్ళి పోటీలో గెలిచొచ్చారు. అప్పట్లో ముఖ్యమైన పాటలన్నీ ఎక్కువగా ఫ్లోరెన్స్‌వే. గట్టి గొంతు, చర్చిలో పాడితే చివరి బల్ల దాకా వినబడే గొంతు ఆమెది. సోల్ సంగీతం పుట్టింది కూడా ఆ చర్చి పాటల్లోంచే కదా. దేవుణ్ణి పిలిచే ఆర్తిని తెచ్చి ప్రేమ పాటలో పెడితే అది సోల్ అయింది.

ఆ 1960 వేసవిలోనే ఒక ఘోరం జరిగింది. దీన్ని పైపైన చెప్పి దాటేద్దామా అని ఆలోచించాం. కానీ ఆమె జీవితాన్ని చెబుతూ దీన్ని వదిలేస్తే మిగతాదంతా అర్థం కాదు. ఒక డాన్సు కార్యక్రమం నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు, పరిచయం ఉన్న యువకుడొకడు కారులో దింపుతానని ఎక్కించుకుని, కత్తి చూపించి ఆమెపై అత్యాచారం చేశాడు. కొన్ని వారాలు ఫ్లోరెన్స్ ఇంట్లోంచి బయటికి రాలేదు. స్నేహితురాళ్ళను కూడా కలవలేదు. తర్వాత జరిగింది చెప్పినప్పుడు వాళ్ళకు ఏం చేయాలో తెలియలేదు. ఆ కాలంలో ఇలాంటి బాధకు వైద్యం ఉందని కూడా ఎవరూ అనుకునేవారు కాదు. మళ్ళీ పాడటం మొదలుపెట్టింది. కానీ అంతకు ముందు చలాకీగా, అందరినీ నవ్విస్తూ ఉండే పిల్ల ఆ తర్వాత మనుషులను నమ్మడానికి భయపడేదని మేరీ తన 1986 ఆత్మకథలో రాసింది.

ఇక మోటౌన్ కంపెనీ సంగతి. బెర్రీ గోర్డీ అనే ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, పాటలు రాసి, ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో మొదలుపెట్టిన రికార్డింగ్ సంస్థ అది. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద ఒక మామూలు ఇల్లు కొని, దానికి 'హిట్స్‌విల్' అని బోర్డు పెట్టాడు. కార్ల ఫ్యాక్టరీలో చూసిన పద్ధతినే పాటలకూ పెట్టాడు. ఒకరు పాట రాస్తారు, ఒకరు వాయిస్తారు, ఒకరు నడక నేర్పుతారు, ఒకరు దుస్తులు చూస్తారు, చివర్లో పాట బయటికి వెళ్ళాలా వద్దా అని అందరూ కూర్చుని తేలుస్తారు. కారు ఒక చివర ఇనుప చట్రంగా బయల్దేరి రెండో చివరకు మెరుస్తూ వచ్చినట్టు, వాడలోంచి వచ్చిన పిల్లలు తారలై బయటికి రావాలని ఆయన ఉద్దేశం.

ప్రైమెట్స్ మొదట వెళ్ళినప్పుడు గోర్డీ వాళ్ళను వెనక్కి పంపాడు. చదువు పూర్తిచేసుకుని రమ్మన్నాడు. వాళ్ళు వినలేదు. రోజూ స్కూలు అయిపోగానే హిట్స్‌విల్ ముందు కూర్చునేవారు. ఎవరి పాటకైనా చప్పట్లు కావాలంటే చప్పట్లు కొట్టారు, వంత కావాలంటే వంత పాడారు. చివరికి గోర్డీ మెత్తబడ్డాడు. అప్పుడే ఆ పేర్ల జాబితా, సంతకాలు. బెట్టీ అప్పటికే తప్పుకుంది. ఆమె స్థానంలో వచ్చిన బార్బరా మార్టిన్ 1962లో వెళ్ళిపోవడంతో ముగ్గురే మిగిలారు. మేరీ, డయానా హైస్కూలు చదువు పూర్తిచేశారు. ఫ్లోరెన్స్ చేయలేదు.

మొదటి మూడేళ్ళూ ఒక్క పాటా ఆడలేదు. కంపెనీలో తోటివాళ్ళు వాళ్ళను హిట్లు లేని సుప్రీమ్స్ అని ఆటపట్టించేవారు. ఆ రోజుల్లో వచ్చిన 'బటర్డ్ పాప్‌కార్న్' అనే రెండో రికార్డులో ముఖ్య గొంతు ఫ్లోరెన్స్‌దే. 1961లో వచ్చిన ఆ పాట వింటే, కొంచెం అల్లరిగా, కొంచెం బొంగురుగా, భయమనేది లేకుండా పాడే అమ్మాయి కనబడుతుంది. సుప్రీమ్స్ పేరుతో వెలువడిన సింగిల్ రికార్డుల్లో ఆమె ముందు నిలబడి పాడిన ముఖ్యమైన పాట అదొక్కటే అంటే నమ్మబుద్ధి కాదు.

1962 చివర్లో మోటౌన్ కళాకారులందరూ ఒక బస్సులో దక్షిణాది పర్యటనకు బయల్దేరారు. నల్లవారికి, తెల్లవారికి వేరు వేరు సీట్లు, వేరు వేరు కుళాయిలు ఉన్న రోజులవి. చాలా చోట్ల హోటల్లో గది ఇవ్వలేదు, పెట్రోలు బంకులో మరుగుదొడ్డి వాడుకోనివ్వలేదు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ప్రదర్శన అయ్యాక బస్సు వైపు తుపాకీ పేలింది. ఫ్లోరెన్స్ తండ్రి పుట్టిన బెస్సెమర్ ఆ ఊరి పక్కనే. ఆయన వదిలి వచ్చిన ప్రపంచం ఎలాంటిదో కూతురు పంతొమ్మిదేళ్ళ వయసులో కళ్ళారా చూసింది.

ఆ తర్వాత గోర్డీ ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఇకమీద ముందు నిలబడి పాడేది డయానాయే అన్నాడు. పాటలు పాడే పద్ధతి తెలియని వాళ్ళకు ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. మన బుర్రకథను తలచుకుంటే అర్థమవుతుంది. అక్కడా ముగ్గురే. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పేది ఒక్కరు, ఇరుపక్కలా డక్కీలు పట్టుకుని వంత పాడేది ఇద్దరు. వంత లేకపోతే కథ నిలబడదు. అయినా జనం గుర్తుపెట్టుకునేది కథకుడి పేరే. తేడా ఏమిటంటే బుర్రకథలో వంతలకు హాస్యమో రాజకీయమో సొంతంగా మాట్లాడే చోటు ఉంటుంది. రికార్డులో అది కూడా ఉండదు.

గోర్డీ నిర్ణయానికి కారణం లేకపోలేదు. డయానాది సన్నటి గొంతు, కొంచెం ముక్కుతో పలికే గొంతు. కారు రేడియోలో, చేతిలో పట్టే ట్రాన్సిస్టరులో, బండ్ల రొదలో కూడా అది స్పష్టంగా దూసుకొచ్చి వినబడుతుంది. నల్లవారితో పాటు తెల్లవారి పిల్లలు కూడా కొనే పాటలు కావాలనుకున్నాడు ఆయన. ఫ్లోరెన్స్ గొంతు అందుకు మరీ పెద్దదిగా, మరీ చర్చి గొంతులా ఉందనుకున్నాడు. స్టూడియోలో ఆమెను మిగతావాళ్ళకంటే మైకుకు చాలా దూరంగా నిలబెట్టేవారని చెబుతారు. వ్యాపారం దృష్టితో చూస్తే గోర్డీ లెక్క తప్పలేదు, ఆ తర్వాత జరిగినదే అందుకు సాక్ష్యం. కానీ బృందాన్ని కూర్చిందీ, పేరు పెట్టిందీ, మొదట్లో ముందు నిలబడి పాడిందీ ఫ్లోరెన్స్. అవేవీ ఆ లెక్కలోకి రాలేదు.

1964 జూన్‌లో హాలండ్–డోజియర్–హాలండ్ అనే ముగ్గురు రచయితల పాట ఒకటి విడుదలైంది, 'వేర్ డిడ్ అవర్ లవ్ గో'. అమ్మాయిలకు ఆ పాట పెద్దగా నచ్చలేదు. ఆ వేసవిలో వాళ్ళు ఒక పర్యటనలో అందరికంటే కింద పేరు ఉన్న బృందంగా బయల్దేరారు. ఊరూరా రోజులు గడిచేకొద్దీ జనం వాళ్ళ పాట కోసమే కేకలు వేయడం మొదలుపెట్టారు. ఆగస్టులో ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దాని తర్వాత వచ్చిన 'బేబీ లవ్' కూడా. దాని తర్వాతది కూడా. అలా వరుసగా ఐదు పాటలు. ఫ్లోరెన్స్ ఉన్నంత కాలంలో మొత్తం పది పాటలు మొదటి స్థానానికి చేరాయి. బీటిల్స్ అమెరికాను ఊపేస్తున్న సమయంలో వాళ్ళకు ఎదురు నిలిచిన అమెరికన్ బృందం ఇదే. 1966లో వచ్చిన 'ద సుప్రీమ్స్ ఎ గో-గో' అనే ఆల్బమ్, బీటిల్స్ 'రివాల్వర్'ను కిందికి దించి మొదటి స్థానంలోకి వచ్చింది. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో ఆ స్థానం దక్కిన మొట్టమొదటి ఆడవాళ్ళ బృందం వాళ్ళది.

మోటౌన్‌లో మాక్సిన్ పావెల్ అనే ఆవిడ వాళ్ళకు ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో, మైకు ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పింది. చాలీ అట్కిన్స్ అడుగులు నేర్పాడు. 1964 డిసెంబరు 27న ఎడ్ సల్లివాన్ టీవీ కార్యక్రమంలో ముగ్గురూ కనబడినప్పుడు, దేశంలో నల్లజాతి ఆడపిల్లలు టీవీ ముందు ఇంటిల్లిపాదినీ పిలిచి కూర్చోబెట్టారు. అంతకు ముందు తెర మీద తమలాంటి వాళ్ళు కనబడితే పనిమనిషి వేషంలోనే కనబడేవారు. ఇప్పుడు తళతళలాడే గౌన్లు వేసుకుని, తల ఎత్తి నడుస్తూ ముగ్గురు. ఫ్లోరెన్స్ వేదిక మీద చమత్కారంగా మాట్లాడేది. డయానా ఏదైనా అంటే వెంటనే ఎదురు జవాబు చెప్పి జనాన్ని నవ్వించేది. ఆ జవాబులకు జనం ఎంత నవ్వేవారో పెద్దలకు అంత చిరాకు కలిగేదని కూడా చెబుతారు.

కచేరీల్లో ఆమెకు ఒక్క పాట దక్కేది, 'పీపుల్'. హాలు మొత్తం నిశ్శబ్దమయ్యేది ఆ పాటకేనని విన్నవాళ్ళు రాశారు. కొన్నాళ్ళకు అది కూడా ఆమె చేతిలోంచి పోయింది. 1965లో క్రిస్మస్ ఆల్బమ్ కోసం ఆమె ముఖ్య గొంతుగా పాడిన 'ఓ హోలీ నైట్'ను అసలు విడుదలే చేయలేదు. శామ్ కుక్‌కు నివాళిగా తెచ్చిన ఆల్బమ్‌లో మాత్రం ఒక పాట ఆమెకు ఇచ్చారు.

డబ్బు ఏమైంది అని ఎవరికైనా అనుమానం వస్తుంది. మాకూ వచ్చింది. ఒప్పందం ప్రకారం రికార్డు అమ్మకంలో కళాకారులకు వచ్చే వాటా చాలా చిన్నది, అది కూడా ముగ్గురూ పంచుకోవాలి. అందులోంచి స్టూడియో ఖర్చు, గౌన్ల ఖర్చు, ప్రయాణాల ఖర్చు కోసేవారు. మిగిలింది కంపెనీ చూసే ఖాతాలో ఉండేది. అమ్మాయిలకు చేతి ఖర్చులకు కొంత ఇచ్చేవారు. ఇరవై ఏళ్ళు నిండని పిల్లలు, ఇంట్లో ఎవరికీ ఇలాంటి కాగితాలు చదివే అలవాటు లేదు. అప్పట్లో చాలా కంపెనీల పద్ధతి ఇదే, మోటౌన్ ఒక్కటే కాదు. 1965 కల్లా ముగ్గురూ ఒకే వీధిలో తలొక ఇల్లు కొనుక్కున్నారు. ఫ్లోరెన్స్ తల్లిని తెచ్చి పెట్టుకుంది. అందుకని లెక్కలు అడగాలన్న ఆలోచన అప్పటికి రాలేదు.

ఏడాదికి వందల కొద్దీ రోజులు ప్రయాణాలు. ఇంకోవైపు పత్రికల వాళ్ళు డయానా ఒక్కదాన్నే అడగడం, ఫొటోల్లో ఆమెనే ముందు పెట్టడం. ఫ్లోరెన్స్ మద్యం అలవాటు చేసుకుంది. బరువు పెరిగింది. కొన్ని కార్యక్రమాలకు రాలేకపోయింది. కంపెనీ దృష్టిలో ఇది క్రమశిక్షణ లేకపోవడం. ఆమె మనసులో పాత గాయం ఒకటి ఇంకా మానలేదన్న సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురే. 1967 ఏప్రిల్‌లో హాలీవుడ్ బౌల్ కచేరీలో ఆమె స్థానంలో సిండీ బర్డ్‌సాంగ్ పాడింది. ఆ వేసవిలో లాస్ వేగాస్ ఫ్లమింగో హోటల్లో ప్రదర్శనలు జరుగుతుండగానే, జులై మొదటి వారంలో, ఫ్లోరెన్స్‌ను డెట్రాయిట్‌కు పంపించేశారు. ఆమెకు ఇరవై నాలుగో పుట్టినరోజు అయి ఇంకా వారం కూడా కాలేదు. బృందం పేరును 'డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్'గా మార్చారు. కొత్త పేరుతో ఆ నెలలోనే వచ్చిన తొలి రికార్డు 'రిఫ్లెక్షన్స్'లో వంత పాడింది మాత్రం ఫ్లోరెన్సే. పాట ముందే రికార్డు చేశారు. మనిషిని పంపేశాక కూడా ఆ గొంతు దేశమంతా రేడియోలో మోగింది.

1968 ఫిబ్రవరిలో విడుదల పత్రాల మీద సంతకాలయ్యాయి. సుమారు 1,40,000 డాలర్లు ఇచ్చి అన్ని లెక్కలూ తీరినట్టే అన్నారు. ఇకమీద ఆమె పాడే రికార్డుల మీద, ప్రచారంలో, సుప్రీమ్స్ అన్న మాట ఉండకూడదు. పేరు కంపెనీ ఆస్తి. ఆ నెలాఖరున, ఫిబ్రవరి 29న, మోటౌన్‌లో డ్రైవరుగా పనిచేసిన థామస్ చాప్‌మన్‌ను ఆమె పెళ్ళి చేసుకుంది. ఏబీసీ రికార్డ్స్ ఆమెను తీసుకుంది. ఆ ఏడాది రెండు సింగిల్స్ వచ్చాయి, రెండూ ఆడలేదు. కొత్త గాయని అని చెప్పుకోవడానికి ఆమె కొత్తది కాదు. పాత పేరు చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు. దుకాణదారుడికైనా, రేడియో వాళ్ళకైనా ఆమె ఎవరని చెప్పాలి? సిద్ధం చేసిన ఆల్బమ్‌ను కంపెనీ పక్కన పెట్టేసింది. 1969 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ పదవీ స్వీకార వేడుకల్లో ఒక విందులో పాడింది. అంత పెద్ద వేదిక మళ్ళీ చాలా కాలం దక్కలేదు.

కవల ఆడపిల్లలు పుట్టారు, తర్వాత ఇంకో పాప. విడుదల పత్రంతో వచ్చిన డబ్బును తన న్యాయవాదే కాజేశాడని ఆమె కోర్టుకు వెళ్ళింది. 1971లో మోటౌన్ మీద 87 లక్షల డాలర్లకు దావా వేసింది. ముందే సంతకం పెట్టి పరిష్కారం ఒప్పుకున్నావు కదా అన్న వాదనే నెగ్గింది, దావా కొట్టేశారు. భర్త వేరుగా వెళ్ళిపోయాడు. వాయిదాలు కట్టలేక ఇల్లు పోయింది. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే సహాయం మీద బతకాల్సి వచ్చింది. 1975లో ఈ సంగతి పత్రికల్లో వచ్చి దేశమంతా పాకింది. నిన్నటి సుప్రీమ్ నేడు ప్రభుత్వ సాయం వరుసలో అన్నట్టు వార్తలు రాశారు. ఒప్పందం మూయించిన పేరును వార్తల వాళ్ళు ఇలా మళ్ళీ ఆమెకు తగిలించారు.

కానీ ఆ ఏడాదిలోనే ఇంకొకటి జరిగింది. ఆమె జీవితం గురించి చదువుతున్నప్పుడు మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆపేసింది ఇదే. ఉత్తర కరోలినాలో జోన్ లిటిల్ అనే నల్లజాతి యువతి జైల్లో ఉండగా, తనపై అత్యాచారం చేయబోయిన జైలరును చంపిందని హత్యానేరం మోపారు. ఆమె కేసు ఖర్చులకు దేశంలో చాలాచోట్ల సభలు పెట్టి డబ్బు పోగు చేశారు. డెట్రాయిట్‌లోని ఫోర్డ్ ఆడిటోరియంలో 1975 జూన్ 25న జరిగిన సభలో పాడటానికి ఫ్లోరెన్స్ వెళ్ళింది. డెడ్లీ నైట్‌షేడ్ అనే ఆడవాళ్ళ రాక్ బృందం ఆమెకు వాయించింది. ఏళ్ళ తర్వాత వేదిక ఎక్కిన ఆమెకు సొంత ఊరి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పదిహేనేళ్ళ కిందట తనకు జరిగినది ఆ రాత్రి ఆమె మనసులో ఉందో లేదో మనం ఊహించడమే. ఆగస్టులో జోన్ లిటిల్ నిర్దోషి అని జ్యూరీ తేల్చింది.

ఆ తర్వాత కొన్ని నెలలు బాగానే గడిచాయి. మద్యం మానడానికి చికిత్స తీసుకుంది. ఒక నష్టపరిహారం డబ్బు చేతికి రావడంతో ఇల్లు కొనుక్కుంది. భర్త తిరిగొచ్చాడు. మళ్ళీ పాడాలని ప్రయత్నాలు మొదలుపెట్టింది. 1976 ఫిబ్రవరి 21న కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతున్నాయని డెట్రాయిట్‌లోని ఆసుపత్రిలో చేరింది. మర్నాడు ఉదయం, గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడి చనిపోయింది.

న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. గాయని అరీథా ఫ్రాంక్లిన్ తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ అక్కడి పాస్టరు. వీధి నిండా వేల మంది జనం. డయానా కారు దిగగానే గుంపులో కొందరు నిరసనగా అరిచారు. ఇది న్యాయం కాదని మాకు అనిపించింది. ముందు నిలబడమన్నది ఆమె కాదు, నిలబెట్టింది కంపెనీ. డయానా తర్వాత ఫ్లోరెన్స్ పిల్లల కోసం ఒక నిధి కూడా ఏర్పాటు చేసిందని చెబుతారు. అందరి కోపం ఒక మనిషి మీదికి మళ్ళడం వల్ల ఒప్పందాల సంగతి ఎవరూ గట్టిగా అడగలేదు.

1981లో బ్రాడ్‌వేలో 'డ్రీమ్‌గర్ల్స్' అనే సంగీత నాటకం వచ్చింది. 2006లో అది సినిమా అయింది. అందులో ఎఫీ అనే గాయని పాత్రకు ఫ్లోరెన్స్ కథే ఆధారమని అందరూ అనుకున్నారు. ఆ పాత్ర వేసిన జెన్నిఫర్ హడ్సన్‌కు ఆస్కార్ వచ్చింది. గోల్డెన్ గ్లోబ్ అందుకున్నప్పుడు ఆ బహుమతిని ఆమె ఫ్లోరెన్స్‌కు అంకితం చేసింది. కథలో ఎఫీ చివర్లో మళ్ళీ వేదిక ఎక్కి గెలుస్తుంది. చూసేవాళ్ళకు ఆ ముగింపు కావాలి, తప్పులేదు.

1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో సుప్రీమ్స్‌ను చేర్చినప్పుడు మూడు పేర్లూ చేర్చారు. బ్రూస్టర్–డగ్లస్‌లో మిగిలిన ఎత్తైన భవనాలను 2014 కల్లా కూల్చేశారు. మేరీ విల్సన్ 2021లో పోయింది. ఫ్లోరెన్స్ పాడిన 'ఓ హోలీ నైట్' ఆమె పోయిన ఎన్నో ఏళ్ళకు బయటికొచ్చింది. ఏబీసీ కంపెనీ పక్కన పెట్టేసిన ఆల్బమ్ పాటలు కూడా 2000 తర్వాత సీడీగా వచ్చాయి. విడుదల చేసినవాళ్ళు దానికి పెట్టిన పేరు 'ద సుప్రీమ్ ఫ్లోరెన్స్ బల్లార్డ్'.